కంచు పతకం అంచున

పేలిన ఫిరంగి గుండ్లు మిగిల్చిన ఇత్తడి డొల్లల మీద పూలు, ఊర్ల పేర్లు, సంవత్సరాలు చెక్కేవారు మొదటి ప్రపంచయుద్ధంలో. దాన్ని ట్రెంచ్ ఆర్ట్ అంటారు. సైనికులే కాదు, చైనా కూలీదళం వాళ్లూ చెక్కారు. వాళ్ల డ్రాగన్లున్న డొల్లలను సేకరణదారులు నేటికీ వెతికి కొంటారు.

1917లో ఫ్రాన్సుకు వెళ్లిన భారత కూలీదళాల్లో సంతాల్, ముండా, ఒరావ్, నాగా, లుషాయి ఆదివాసులూ ఉన్నారు. రోడ్లు వేశారు, చెట్లు కొట్టారు, సరుకులు మోశారు. యుద్ధం ముగిశాక సైనికులకు వెండి పతకం, కూలీదళాలకు అదే అచ్చులో కంచు పతకం! ఈ తేడా మాకు ఇప్పటికీ మింగుడుపడదు. వెండివి దాదాపు 65 లక్షలు, కంచువి సుమారు 1,10,000. అందుకే ఇప్పుడు కంచుదే అరుదైన వస్తువు.

చైనా కూలీల పతకాల అంచున నంబరు, దళం పేరే ఉంటాయి, మనిషి పేరుండదు. భారత కూలీల పతకాల్లో పేరు చెక్కినవి ఉన్నాయి. పిల్లలూ, ఏ ఇంట్లోనైనా పాత పతకం కనబడితే చింతపండుతో తోమేయకండి, అక్షరాలు అరిగిపోతాయి. పాతసామాన్లవాడికి వేసేముందు అంచు చదివి, ఆ పేరును, ఇంట్లో పెద్దలు చెప్పేదాన్ని ఒక నోటుబుక్కులో రాసి మాకు చూపించండి.