నీటిబలము – ఒడ్డుపల్లెలు

సముద్రపు ఆటుపోట్లనుండి విద్యుచ్ఛక్తిని తీయవచ్చునను మాట ఈనాడు తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాట చెవినబడిన జగ్గయ్యపేట గృహస్థుగాని, నందిగామ రైతుగాని, "సముద్రమెక్కడ, మన మెట్టచేలెక్కడ!" అని నవ్వి ఊరకుండవచ్చును. అది సహజమే. కాని ఆటుపోట్ల విద్యుత్తును గూర్చి తీరమునందలి జాలరి నేడు వేయుచున్న ప్రశ్న యొకటి కలదు: "నీరు మా వాకిటిది, దాని బలము ఎవరి యింటికి పోవును? దానికై మేము విడువవలసినదేమి?" ఈ ప్రశ్న కృష్ణామండలపు మెట్టసీమకు క్రొత్తది కాదు. కృష్ణవేణి యొడ్డున నూరేండ్లకు పైగా అది వినబడుచునే యున్నది. ఆ చరిత్రను క్లుప్తముగ పాఠకుల ముందుంచుట మా యుద్దేశము.

ముందుగా సముద్రపు సంగతి. పోటునీరు పొంగినపుడు దానిని కట్టవెనుక నిలిపి, ఆటున నీరు తీసిన పిమ్మట యంత్రచక్రముల మీదుగా విడుచుట ఈ విద్యయొక్క మూలసూత్రము. పోటునకును ఆటునకును గల ఎత్తుభేదము రెట్టింపైనచో, అదే వైశాల్యముగల మడుగునుండి లభించు శక్తి నాలుగురెట్లగును. కావుననే పెద్ద పోట్లు వచ్చు చోట్లనే ఇట్టి కేంద్రములు వెలసినవి. ఫ్రాన్సు దేశమున రాన్సు నదీముఖమున 1966లో 240 మెగావాట్ల కేంద్రమొకటి ప్రారంభమైనది. దానిని కట్టునపుడు నదీముఖమును కొన్ని సంవత్సరములపాటు సముద్రమునుండి పూర్తిగా మూసివేసిరి. అందలి జీవరాశి చాలవరకు నశించినది. మరల ఒక సమస్థితి కుదురుటకు సుమారు 10 సంవత్సరములు పట్టినది. మరొకవైపున కట్టమీదుగా బాట యేర్పడి ఇరుగట్లనున్న సెంట్ మాలో, దినార్ పట్టణములు దగ్గరైనవి. ఒక్క కట్టడమే వల వేయువానికి నష్టమును, బండి తోలువానికి లాభమును కలిగించినది.

మన దేశమున ఖంభాత్ సింధుశాఖలో పోటు సుమారు 11 మీటర్లవరకును, కచ్ సింధుశాఖలో సుమారు 8 మీటర్లవరకును లేచును. కచ్ తీరమున 50 మెగావాట్ల కేంద్రమును నిర్మింతుమని 2011లో సంకల్పించిరి గాని, వ్యయభారముచే ఆ పని ముందునకు సాగలేదు. ఇక మన తెలుగుతీరమున, మచిలీపట్నము మొదలైన చోట్ల, పోటు రెండు మీటర్లకు లోపుగనే యుండును. అంత చిన్న పోటుతో పెద్ద కేంద్రములు నడువవు. హంసలదీవియొద్ద సముద్రమున కలియు కృష్ణయే ఈ జిల్లాకు నీటిబలము. ఆ బలమును వాడుకొనుట ఎగువన, మెట్టసీమ ముంగిటనే, జరుగుచున్నది.

ఈ సీమ పుట్టుపూర్వములు చూడుడు. జగ్గయ్యపేటకు పూర్వము బేతవోలని పేరు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు నిలుపుటకై అచట పేట కట్టించెను. ఊరిచెంతనున్న బౌద్ధస్తూపమునందు ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని కాలపు శాసనములు లభించినవి. అనగా సుమారు 1,700 ఏండ్లనాడే ఇచట జనసమ్మర్దమును, దానధర్మములు చేయగల సంపదయు నుండెనని తేలుచున్నది. జగ్గయ్యపేట ప్రక్కగా పాలేరు, నందిగామ ప్రక్కగా మున్నేరు పారి కృష్ణలో కలియుచున్నవి. అయినను ఈ ఊళ్ళు కాలువనీటిచే బ్రదికినవి కావు. మచిలీపట్నమునుండి గోలకొండకు పోవు దారియు, వర్తకమును, వానకు పండు జొన్నయు, కందియు, పెసరయు వీనికి జీవనాధారములు.

జగ్గయ్యపేటకు ఎగువన, కృష్ణ కుడిగట్టున, కొల్లూరు వజ్రపుగనులుండెను. 17వ శతాబ్దమున ఆ గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, అచట స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ వజ్రములు గోలకొండ పేరిట లోకమంతట ప్రసిద్ధి కెక్కినవి. త్రవ్వి తీసినవారి పేరు ఒక్కటియు మిగులలేదు. ఒడ్డున పుట్టిన సంపద ఒడ్డున నిలువకపోవుట ఈ సీమలో విద్యుత్తుతో మొదలైన కథ కాదు.

1832-33 నాటి గుంటూరు కరవు వేలకొలది జనులను పొట్టబెట్టుకొనిన తరువాత, కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడినది. బెజవాడయొద్ద 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో ముగిసినది. దానితో డెల్టా మాగాణియైనది. నీరు పల్లమెరుగునను సామెత మనకు కొట్టినపిండి. ఆనకట్టకు దిగువనున్న పల్లపుభూములకు కాలువలు పారినవి. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట మెట్టలకు నీరెక్కలేదు. ఒక్క జిల్లాలోనే రెండు లోకములేర్పడినవి. ఒకచోట ఏటేట వరికుప్పలు. మరొకచోట కరిమబ్బుకై ఎదురుచూపు. కృష్ణ మెట్టరైతు కన్నులయెదుటనే పారినది గాని, అతని చేనికి మోటబావియే దిక్కైనది. ఎద్దులను వెనుకకు ముందునకు నడపి తోలుబానతో నీరు తోడు మోట, ఇంటిల్లిపాది శ్రమను మ్రింగి, ఎకరమో రెండెకరములో తడిపెడిది.

ఈ స్థితి మారవలెనని పట్టుబట్టినవారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ముఖ్యుడు. ముక్త్యాల, జగ్గయ్యపేటకు సమీపమున కృష్ణ యొడ్డుననే యున్నది. కృష్ణనీటిని పెన్నకు మరల్చి దక్షిణమునకు కొనిపోవు ఆలోచన 1950 ప్రాంతమున మదరాసు ప్రభుత్వమునకు కలిగినపుడు, ఆయన నందికొండయొద్ద ఆనకట్ట కట్టవలెనని రైతులను కూడగట్టి పోరాడెను. 1952లో ఖోస్లా సంఘము వచ్చినపుడు, నందికొండకు జీపులు పోవుటకు దారిలేకున్న, చుట్టుప్రక్కల గ్రామముల జనులచే బాట వేయించి స్థలమును చూపించెనని పెద్దలు చెప్పుకొందురు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము మీదుగా కృష్ణామెట్టకు వచ్చినది. 1978 నుండి అచటి విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడినది; కాలక్రమమున దాని శక్తి సుమారు 816 మెగావాట్లకు చేరినది.

నీరు వచ్చిన చేలలో వరి పండినది. కాని మన మెట్ట ఎడమకాలువకు చివరి ఆయకట్టు. ఎగువ తడిసిన పిమ్మటనే దిగువకు వంతు. నీరు తగ్గిన యేట చివరివాని పొలమే ముందుగ ఎండును. అట్టి రైతునకు విద్యుత్తు వెలుగు మాత్రమే కాదు, విద్యుత్తే నీరు. మోట పోయి మోటారు వచ్చిన నాటినుండి, తీగలో శక్తి యున్నంత సేపే బావిలోని నీరు పైకి వచ్చును. 2020లో వేదాద్రియొద్ద, కృష్ణనుండి నీటిని ఎత్తి ఈ మెట్టలకు పారించు పథకమునకు శంకుస్థాపన జరిగినది. డెల్టాకు నేల వాలుచే దక్కు నీటిని మెట్టవాడు విద్యుత్తు ఖర్చుపెట్టి పైకి తెచ్చుకొనవలెను. విద్యుత్తు ధర, అది వచ్చు గడియ, ఇవి డెల్టావానికి దీపపు సంగతి. మెట్టవానికి పంట సంగతి.

ఇక పులిచింతల. నాగార్జునసాగరమునకు సుమారు 115 కిలోమీటర్ల దిగువను, ప్రకాశం బ్యారేజికి సుమారు 85 కిలోమీటర్ల ఎగువను, జగ్గయ్యపేటకు చేరువలో కట్టిన ఈ జలాశయమునకు, ఇదే జిల్లాలో కంకిపాడున జన్మించి కేంద్రమున నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రిగ పనిచేసిన డాక్టరు కె. ఎల్. రావు పేరు పెట్టిరి. శంకుస్థాపన 1988లో జరిగినను, పని 2004 తరువాతనే చురుకుగ సాగి, 2013 డిసెంబరు 7న ప్రారంభోత్సవము జరిగినది. ఇందు 45.77 టీఎంసీల నీరు పట్టును. ఒక్క టీఎంసీ అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. డెల్టాలోని 13 లక్షల ఎకరములకు సకాలమున నీరందించుట దీని ముఖ్యోద్దేశము. ఎడమగట్టున, తెలంగాణ నేలపై, ఒక్కొక్కటి 30 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రములతో 120 మెగావాట్ల విద్యుత్కేంద్రమును నిర్మించిరి.

దీనికై మునిగినదేమి? కుడిగట్టున గుంటూరు సీమ పల్లెలు, ఎడమగట్టున నల్లగొండ సీమ పల్లెలు, వానితోపాటు పూర్వము వజ్రములు పండిన కొల్లూరు. పొలమునకు పట్టా యున్నవానికి పరిహారము లెక్కకు వచ్చును. కాని ఏటియొడ్డు బ్రదుకంతయు పట్టాలో ఎక్కదు. కౌలుకు దున్నినవాడు, కూలికి పోయినవాడు, వల వేసినవాడు, పడవ నడిపినవాడు, గట్టున గొఱ్ఱెలు మేపినవాడు ఏ కాగితము చూపగలడు? ఊరు కదలినపుడు ఇల్లు క్రొత్తచోట లేచును గాని, చాకలికి ఇండ్ల వరుస, మంగలికి వాడిక, వడ్రంగికి రైతుల పరిచయము వెంటనే లేవవు. ముక్త్యాలకును ఆవలి మాదిపాడునకును నడుమ తిరుగు బల్లకట్టు చూడుడు. ఏటి ప్రవాహము మారిన అదియు ఆగవలసినదే. ఎగువ ద్వారమెత్తు గడియకు, దిగువవాని సంతప్రయాణమునకు సంబంధము కలదని ఏ లెక్కలపుస్తకమును వ్రాయదు.

నీటిబలమునందు మరియొక చిక్కు కలదు. అది కాలమును గూర్చినది. విద్యుత్తునకు కావలసిన గడియ వేరు, పంటకు కావలసిన నెల వేరు. 2021 జూన్, జూలై మాసములలో ఈ చిక్కు మన కన్నులయెదుటనే వీధికెక్కినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట నదియు ఇద్దరిదైనది. ఎత్తిపోతల పథకములకు విద్యుత్తు కావలెనని తెలంగాణ శ్రీశైలము, సాగరము, పులిచింతల కేంద్రములను నడిపినది. సేద్యమునకును త్రాగుటకును దాచవలసిన నీరు ముందుగనే దిగిపోవుచున్నదని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు తలుపు తట్టినది. ఆ నీటిలో కొంత ప్రకాశం బ్యారేజి దాటి సముద్రము పాలైనది. ఇందు ఒకరు దుష్టులు, ఒకరు శిష్టులు అని చెప్పుటకు మేము పూనుకొనము. ఒక మెట్టసీమ తన చేలకు నీరెత్తుటకు విద్యుత్తు కోరినది. ఒక డెల్టా తన నారుమడికి నీరు కోరినది. రెండును న్యాయమైన కోరికలే. గడియను నిర్ణయించు పెద్ద లేకపోవుటయే లోపము. అదే యేడు ఆగస్టు 5న పులిచింతల 16వ ద్వారము కొట్టుకొనిపోగా, అచట అడ్డుపలకలు దింపుటకై జలాశయములోని నీటిని చాలవరకు దిగువకు విడువవలసి వచ్చినది. కట్టుటతో పని ముగియదు, కాపాడుటయు అందులోని ఖర్చేయని ఆ దినము నేర్పినది.

మరల సముద్రతీరమునకు పోవుదము. కేరళలో విళింజమ్ అను జాలరిపల్లెయొద్ద 1991లో అలలనుండి విద్యుత్తు తీయు 150 కిలోవాట్ల ప్రయోగకేంద్రమును నెలకొల్పిరి. తరువాత అది మూతపడినది. విద్య పెరిగినకొలది ఇట్టి ప్రయత్నములు మరల రాగలవు. రేపు తెలుగుతీరమునకే వచ్చినను ఆశ్చర్యము లేదు. బొగ్గుపొగ లేని శక్తి కావుననే మేమును వానిని స్వాగతించుచున్నాము. కాని వచ్చునాటికి తీరవాసులడుగవలసిన ప్రశ్నలను మెట్టసీమ తన చరిత్రనుండి అందీయగలదు. పట్టా లేని బ్రదుకులకు లెక్క కట్టినది ఎవరు? యంత్రము తిరుగు గడియను నిర్ణయించు సభలో ఒడ్డువానికి పీట యున్నదా? ఆ విద్యుత్తు మొదట వెలిగించునది ఒడ్డునున్న గుడిసెనా, దూరపు నగరమునా? అరువదియేండ్ల తరువాత ద్వారములు బాగుచేయుటకు సొమ్ము ఎచటినుండి వచ్చును?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినవి. జగ్గయ్యపేట, నందిగామ నేడు ఎన్టీఆర్ జిల్లాలోనివి. కృష్ణాజిల్లా పేరు సముద్రమువైపు నిలిచినది. పేరు ఎచట నిలిచినను నది ఒక్కటే. ఎగువ మెట్టపల్లె చూచినదే రేపు దిగువ జాలరిపల్లె చూడవచ్చును. ఊరి గ్రంథాలయమునందో, బడియందో, మునిగిన పల్లెల పేర్లు, కదలిన కుటుంబముల వృత్తులు, అందిన పరిహారము, అందని పరిహారము ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో, అది రాబోవు కట్టడములకన్నిటికిని పునాదిరాయివలె ఉపకరించును. అట్టి పుస్తకమును వ్రాయగల వృద్ధులు ఇంకను మన నడుమ నున్నారు. వారియొద్ద కూర్చుండి విని వ్రాసికొనుడని, రేడియో ముందు కూర్చుండు ప్రతి యింటి విద్యార్థిని మేము కోరుచున్నాము.