మెదక్ చర్చి కిటికీలను ఏ వరుసలో చదవాలి?

మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్ళు పూర్తయ్యాయి. ఆ నెలంతా ఏ పత్రిక తెరిచినా మా ఊరి పేరే. సంతోషమే. కానీ రాసినవాళ్ళలో ఎక్కువమంది ఒకే మాట దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు: ఆసియాలో అన్నిటికంటే పెద్ద చర్చి, వాటికన్ తర్వాత ప్రపంచంలో రెండోది. కొలత తెలిసినవాళ్ళెవరూ ఈ మాట అనలేరు. మన చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోవాలోని సే కెథెడ్రల్ ఒక్కటే 250 అడుగుల పొడవుంది. మన గంట గోపురం 175 అడుగులు. అది చార్మినార్‌ను మించిపోయిందని నిజాం కోపగించాడన్న కథ కూడా మళ్ళీ అచ్చయింది. చార్మినార్ ఎత్తు 160 అడుగులని రాసినవాళ్ళున్నారు, 184 అని రాసినవాళ్ళూ ఉన్నారు. మొదటి లెక్కకు కథ నిలుస్తుంది, రెండో లెక్కకు కూలిపోతుంది. అంతకు మించి ఆ కథ మీద సిరా ఖర్చు పెట్టడం నాకిష్టం లేదు.

నాకు బాధ కలిగించింది వేరే సంగతి. లోపల మూడు వైపులా నిలిచిన రంగుటద్దాల కిటికీల గురించి అందరూ రెండేసి వాక్యాలు రాసి వదిలేశారు. ఆ రెండు వాక్యాల్లోనూ తప్పులే. చర్చితోపాటే 1924లో ఈ మూడు కిటికీలూ వచ్చాయన్నట్టు రాశారు. జననం, సిలువ, ఆరోహణం అని కథ వరుసలో పేర్లు చెప్పి ముగించారు. రాందాస్ చౌరస్తాలో ఆటో దిగి మిషన్ కాంపౌండు దాకా నడిచి వచ్చినవాళ్ళు కూడా అలాగే రాస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

చర్చి వాళ్ళు చెప్పే లెక్కే చూద్దాం. బలిపీఠం వెనకున్న ఆరోహణం కిటికీని బిగించింది 1927లో. పడమటి రెక్కలో ఉన్న జననం కిటికీ 1947లో వచ్చింది. తూర్పు రెక్కలోని సిలువ కిటికీ 1958లో వచ్చింది. మొదటిదానికీ చివరిదానికీ నడుమ 31 ఏళ్ళు. చర్చిని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠ చేయించినప్పుడు బలిపీఠం వెనక ఆరోహణం బొమ్మ లేదు. ఆ రోజు లోపల కూర్చున్నవాళ్ళు, కరువు రోజుల్లో ఇక్కడ రాళ్ళు మోసి కడుపు నింపుకున్న కూలీలతో సహా, ఈ మూడింటిలో ఒక్కటీ చూడలేదు.

ఈ సంవత్సరాలు చెప్పినప్పుడల్లా ఒక జవాబు వస్తుంది: డబ్బు సమకూరినకొద్దీ పెట్టించి ఉంటారు, అందులో అర్థం వెతకడం దేనికని. డబ్బు సంగతి నిజమే కావచ్చు. కానీ మొదట ఏది పెట్టాలో డబ్బు చెప్పదు. ఈ చర్చి ప్రతిష్ఠ జరిగింది క్రిస్మస్ రోజున. మొదటి కిటికీ ఒక్కటే వచ్చే పక్షంలో ఎవరైనా పశువుల పాకనూ పసిబిడ్డనూ కోరుకుంటారు. లేదా, క్రైస్తవ ఆరాధనకు నడిబొడ్డయిన సిలువను కోరుకుంటారు. వీళ్ళు ఆ రెండింటినీ పక్కన పెట్టి ప్రభువు పరలోకానికి ఎక్కిపోయే ఘట్టాన్ని ఎంచుకున్నారు. దాన్ని అందరి కళ్ళూ నిలిచే చోట, బలిపీఠం వెనక పెట్టారు. అది తెలిసి చేసిన ఎంపిక.

ఎందుకో కొత్త నిబంధన చదివినవాళ్ళకు తెలుసు. శిష్యులను లోకం నలుమూలలకూ పొమ్మని ఆజ్ఞ ఇచ్చింది ఆ చివరి ఘడియల్లోనే. ఇచ్చి, వాళ్ళు చూస్తుండగానే మేఘంలోకి వెళ్ళిపోయాడు. ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డ శిష్యులను తెల్లబట్టల మనుషులిద్దరు వచ్చి కదిలించారు. షెఫీల్డులో పుట్టి సికింద్రాబాదు సైనికుల దగ్గరికి పాదిరిగా వచ్చి, అక్కడినుంచి మెదక్ చేరిన పాస్నెట్‌కు ఆ ఆజ్ఞే బతుకుదారి. మిషనరీలు కట్టిన చర్చికి మొదటి కిటికీగా ఆరోహణం తప్ప మరొకటి కుదరదు. ఇంగ్లండులో పాతకాలపు ఆరోహణం కిటికీల్లో ఒక ఆనవాయితీ ఉండేది. పైన మేఘం, అందులోంచి వేలాడే రెండు పాదాలు, అంగీ అంచు, అంతే. మన కిటికీలో ప్రభువు నిండుగా, మనకెదురుగా నిలబడతాడు. వెళ్ళిపోయేవాణ్ణి చూపించడం కంటే పంపించేవాణ్ణి చూపించడమే ఇక్కడి ఉద్దేశమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండోది 1947. ఆ ఏడు ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మనకు రాలేదు. 1948 సెప్టెంబరు దాకా మెదక్ నిజాం ఏలుబడిలోనే ఉంది. అదే 1947లో సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఇంగ్లండు సొసైటీ మిషన్‌గా ఉన్న మెదక్ ఒక డయోసిస్ అయింది, ఫ్రాంక్ విట్టేకర్ మొదటి బిషప్ అయ్యాడు. కొత్త సంఘం పుట్టిన సంవత్సరమే జననం కిటికీ వచ్చింది. మూడోది, సిలువ, 1958లో వచ్చేసరికి పాస్నెట్ లేడు, 1950లోనే కన్నుమూశాడు. నిజాం రాజ్యం లేదు, హైదరాబాద్ రాష్ట్రమూ లేదు. మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దొరల కాలపు బొమ్మ, మార్పు కాలపు బొమ్మ, స్వతంత్ర దేశంలో బిగించిన బొమ్మ: వచ్చిన వరుసలో చూస్తే ఇవి మా సంఘం నడిచిన వరుస. ముప్పై ఏళ్ళ ముందే ఎవరో పథకం వేశారని నేననను. కానీ కథ వరుసలో మాత్రమే వీటిని చెప్పేవాళ్ళు మెదక్‌ను కిటికీల్లోంచి తుడిచేస్తున్నారు.

ఈ కిటికీలు చేసిన మనిషి గురించి కూడా ఒక పొరపాటు పాకిపోయింది. ఒక పాత కరపత్రంలో సర్ ఫ్రాంక్ సాలిస్‌బరీ అని పడింది, అప్పటినుంచి అందరూ సర్ అంటున్నారు. ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీకి ఆ బిరుదు లేదు. రాయల్ విక్టోరియన్ ఆర్డర్‌లో కమాండర్ హోదా ఇచ్చారు, ఆ హోదాతో పేరు ముందు సర్ చేరదు. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకాన్ని గీసింది ఆయనే. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చిత్తరువు కూడా ఆయనదే. అందుకే ఆయన్ని రాజుల చిత్రకారుడని చెప్పి ఊరుకుంటారు. మనకు కావలసిన సంగతి అది కాదు. 1874లో హార్పెండెన్‌లో పుట్టిన ఆ పిల్లవాడు పదిహేనేళ్ళ వయసులో సెయింట్ ఆల్బన్స్‌లో అన్న నడిపే రంగుటద్దాల కార్ఖానాలో పనికి కుదిరాడు. కుంచె పట్టి రాజులను గీయడానికి ముందు గాజు పని చేతులతో నేర్చాడు. మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ చిత్తరువు గీసిందీ ఆయనే. వెస్లియన్ మిషన్ కట్టిన చర్చికి అంతకంటే తగినవాడు దొరకడు. సిలువ కిటికీ ఇక్కడికి చేరేనాటికి ఆయన ఎనభై దాటిన ముసలివాడు, మరో నాలుగేళ్ళకు, 1962లో, పోయాడు.

గాజు మీద పెయింటింగ్ అని ఒకరు రాస్తారు, రంగు వేయలేదు, అంతా ముక్కలు అతికించిందే అని ఇంకొకరు రాస్తారు. ఇద్దరిదీ సగం సగమే. ఈ పనిలో రంగు కరిగిన గాజులోనే కలుస్తుంది. నీలానికి కోబాల్ట్ కలుపుతారు. ఎరుపు మందంగా ఉంటే వెలుతురు దూరక నల్లబడుతుంది, అందుకని తెల్లగాజు మీద పల్చటి ఎర్రపొర ఊదుతారు. బొమ్మకు తగినట్టు కోసిన ముక్కలను సీసపు పట్టీల గాడిలో దూర్చి బిగిస్తారు. కానీ కన్ను, పెదవి, వేళ్ళ గీత, అంగీ మడతలోని నీడ సీసంతో రావు. ఇనుప ఆక్సైడు, గాజుపొడి కలిపిన ముదురు గోధుమరంగు మందును కుంచెతో వేసి కొలిమిలో కాలుస్తారు. అది కరిగి గాజు పైపొరకు అతుక్కుపోతుంది. పసుపు కావాలంటే వెండి లవణం పూసి కాలుస్తారు. సాలిస్‌బరీ చిన్నప్పుడు అన్న దగ్గర ఆరితేరింది సరిగ్గా ఈ కుంచెపనిలోనే. ఈసారి వెళ్ళినప్పుడు సీసపు గీతలు ఎక్కడ నడిచాయో చూడండి. మంచి పనివాడు ఆ నల్లగీతను ముఖానికి అడ్డం రానివ్వడు. తల చుట్టూ, భుజం వెంట, బట్ట అంచు వెంట తీసుకుపోతాడు. చేర్యాల పటంలో ఎర్రనేల మీద నల్లగీత బొమ్మను ఎలా నిలబెడుతుందో, ఇక్కడ సీసం అలా నిలబెడుతుంది. పటానికి కథ చెప్పేవాడు కావలసినట్టే ఈ కిటికీలకూ కావాలి.

సూర్యుడు ఉంటేనే కనిపిస్తాయి, చీకటి పడితే మాయమవుతాయి, ఇది మెదక్ మహిమ అని చెప్పే గైడ్లున్నారు. ఆ గుణం ప్రపంచంలోని రంగుటద్దాలన్నిటిదీ. గాజులోంచి వెలుతురు రావాలి, అవతల చీకటైతే బొమ్మ చచ్చిపోతుంది. మెదక్ ప్రత్యేకత దిక్కుల్లో ఉంది. పాత ఆచారం ప్రకారం బలిపీఠం తూర్పున ఉండాలి. మన చర్చిలో తూర్పు, పడమర రెక్కలకు పోయాయి. కాబట్టి ఉదయపు ఎండ సిలువ మీదుగా లోపలికి వస్తుంది, సాయంత్రపు ఎండ జననం మీదుగా వస్తుంది. గుడ్ ఫ్రైడే ఉదయం ఆరాధనకు సిలువ తూర్పు వెలుతురులో ఉంటుంది. ప్రార్థనకు పాతవాళ్ళు తిరిగే దిక్కును చివరికి సిలువకే ఇచ్చారు, అది చిన్న విషయం కాదు. క్రిస్మస్ నాడు మొదటి ఆరాధన తెల్లవారక ముందే, నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. పల్లెల నుంచి రాత్రే వచ్చి చలిలో పడుకున్న జనం లోపలికి తోసుకొచ్చేసరికి జననం కిటికీ నల్లగా ఉంటుంది. పండుగ బొమ్మను వెలుగులో చూడాలంటే మధ్యాహ్నం దాకా ఉండాలి. ఫోటోలు తీసుకుని పదింటికే బస్సెక్కేవాళ్ళు అది చూడకుండానే పోతున్నారు.

ఇక మెదక్‌ను డోర్నకల్‌తో పోల్చేవాళ్ళ మాట. అక్కడ బిషప్ అజరయ్య కట్టించి 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుమ్మటాలు, మినార్ల పోలికలు, గుడి స్తంభాల తీరు, తామరపూలు ఉన్నాయి. అది మన నేల మీద పుట్టిన చర్చి, మెదక్‌ది దొరల గోతిక్, దొరల గాజు అని చదువుకున్నవాళ్ళు తేల్చేస్తారు. డోర్నకల్ అందం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ తీర్పును ఒప్పుకోను. మెదక్ చర్చిని నింపినవాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగలు. వాళ్ళ తాతలను ఊరి గుడి గడప తొక్కనివ్వలేదు. గుడి స్తంభం చూస్తే పండితుడికి స్వదేశం గుర్తొస్తుంది, వాళ్ళకు బయట నిలబడ్డ చోటు గుర్తొస్తుంది. ఎవరి గుడినీ పోలని ఇల్లు, ఎవరి దేవుడి రంగులనూ అడుక్కోని కిటికీ, దాని కింద ముందు వరసలో కూర్చునే హక్కు వాళ్ళు కోరుకున్నారు. అది పరాయితనమని ఇంకొకరు చెప్పడం న్యాయం కాదు.

మిషన్ కాంపౌండు పాత కుటుంబాలకు నా మనవి ఒకటే. 1924కూ 1927కూ మధ్య బలిపీఠం ముందు తీసిన పెళ్ళి ఫోటోలు, బాప్తిస్మం ఫోటోలు మీ పెట్టెల్లో ఉంటే బయటికి తీయండి. అలాగే 1947కు ముందువి పడమటి రెక్కలోవి, 1958కి ముందువి తూర్పు రెక్కలోవి కూడా. ఒక్క ఫోటోలో కిటికీ కమానులో మామూలు గాజు కనిపించినా చాలు, మూడూ ఒకేసారి వచ్చాయని రాసే వ్యాసాలు ఆగుతాయి. వెనకవైపు పెన్సిలుతో తేదీ రాసి ఉంటే దాన్ని చెరపకండి, ఫోటోను కొత్త ఫ్రేములో బిగించకండి, ఉన్నదున్నట్టు తెండి.