కొండమీది ప్రజాసౌధము



లండను నగరమునకు ఉత్తరదిశయందలి యొక కొండమీద అలెగ్జాండ్రా పేలెస్ అను విశాలభవనము కలదు. పేరు రాజసౌధమేగాని అందు ఏ రాజును కాపురముండలేదు. ఎండనక వాననక పాటుపడు సామాన్యజనులు సెలవుదినమున వినోదించుటకై కట్టిన మేడ యిది.

1873వ సంవత్సరము మే 24వ తేదీన దాని ద్వారములు తెరచిరి. పదునారు దినములకే అది అగ్నికాహుతి యయ్యెను. ముగ్గురు పనివారు ప్రాణములు గోల్పోయిరి. అయినను నిర్వాహకులు ధైర్యము విడువక, 1875 మే 1వ తేదీకి క్రొత్తభవనమును సిద్ధపరచిరి. సంగీతశాలయు, గొప్ప ఆర్గను వాద్యమును, నాటకశాలయు నందు వెలసెను.

కాని జనులు వచ్చినను ధనము చాలలేదు. స్థలమంతయు ఇండ్ల నిర్మాణమునకై అమ్ముడుపోవునను భయము కలుగగా, 1900లో పార్లమెంటు ఒక శాసనము చేసి, దానిని ప్రజల వినోదార్థము ధర్మకర్తల వశము గావించెను. ఈ శాసనమే లేకున్న మనమిప్పుడు చెప్పుకొనుటకు కథయే యుండెడిది కాదు. మొదటి మహాయుద్ధకాలమున ఇది తొలుత బెల్జియము శరణార్థులకు ఆశ్రయమై, పిదప జర్మను పౌరులకు నిర్బంధశిబిరమయ్యెను.

1935లో బి.బి.సి. సంస్థ ఇందు కొంతభాగమును అద్దెకు గొని, గోపురముపై ఎత్తైన స్తంభమును నాటెను. 1936 నవంబరు 2వ తేదీన దూరదర్శన ప్రసారము లారంభమయ్యెను. అప్పుడు రెండు పద్ధతులు పోటీపడెను. బెయిర్డు పద్ధతిలో చిత్రమునకు 240 గీతలు, మార్కోని–ఇ.ఎమ్.ఐ. పద్ధతిలో 405. బెయిర్డువారు పలుమారు దృశ్యమును ముందు ఫిలిముపై దీసి, వెంటనే కడిగి, పిమ్మట ప్రసరింపవలసివచ్చెడిది. రెండవవారి విద్యుత్ కెమేరా యెటు త్రిప్పిన నటు తిరిగెడిది. వారము విడిచి వారము రెండింటిని పరీక్షించి, 1937 ఆరంభమున రెండవదానినే నిలుపుకొనిరి. పాపము, పోటీ నడుచుచుండగనే, 1936 నవంబరు 30న లండనునందలి మరియొక వినోదసౌధమగు క్రిస్టల్ పేలెస్ దగ్ధమై, అందున్న బెయిర్డు ప్రయోగశాలలు చాలవరకు నశించెను.

వేలజనులకై కట్టిన మేడలో, ఎదుట ప్రేక్షకులు లేక, గాయకులు గాజుకన్ను వంక జూచి పాడిరి. తొలిదినములలో చూచువారి యిండ్లు కొన్నివందలు మాత్రమే. యుద్ధభయమున 1939 సెప్టెంబరు 1న ప్రసారములు నిలిచెను. ఆ స్తంభమునుండియే తరువాత శత్రువిమానములకు దారిచూపు రేడియో సంకేతములను చెరచిరి. 1946 జూను 7న చిత్రములు మరల వెలుగుజూచెను.

1980 జూలై 10న మరల నిప్పంటుకొని భవనమున పెక్కుభాగము కాలిపోయెను. పాత స్టూడియోలును నాటకశాలయు తప్పించుకొనెను. ఆ నాటకశాలను బి.బి.సి.వారు సామానుల కొట్టుగా వాడుకొనియుండిరి. ఎనుబదియేండ్లకు పైగా మూతపడిన యా రంగస్థలము 2018 డిసెంబరులో తిరిగి తెరువబడెను.

ఆ తొలినాళ్ల యాటపాటలలో మిక్కిలిభాగమును భద్రపరచు సాధనము నాడు లేదు. ప్రసరించిన క్షణముననే యవి గాలిలో గలిసిపోయెను. వానికి మిగిలిన సాక్షి యిప్పుడా గోడలే. రెండుమారులు కాలినను నిలిచిన కారణ మొక్కటే: అది ప్రజలసొత్తు, వారు దాని నూరక పోనీయలేదు.