నక్షత్రం మీద నీలి గీత

బొంత అనగానే మనకు తోచేది పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు కుట్టుకుంటూ పోయిన దుప్పటి. కుట్టు పొరల్ని పట్టి ఉంచితే చాలు, దానికంటూ వేరే బొమ్మ ఉండాలని ఎవరూ పట్టుబట్టరు. ఇంగ్లండు ఉత్తరాన, నార్తంబర్లాండ్, డరమ్ ప్రాంతాల కొండపల్లెల్లో మాత్రం 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో దీనికి భిన్నంగా జరిగింది. బొంత మీద కుట్టు ఏ దారిన నడవాలో ముందే గీసిపెట్టడం అక్కడ ఒక వృత్తిగా నిలబడింది. ఆ వృత్తికి పుట్టిల్లు ఆలెన్‌డేల్ లోయ. అక్కడి బొంతల్లో పేరుమోసినది మధ్యలో ఎనిమిది కోణాల నక్షత్రం, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా పట్టీల చట్రాలు ఉన్న పెద్ద బొంత. దాన్ని శాండర్సన్ స్టార్ అంటారు. శాండర్సన్ అన్నది గీసినామె ఇంటిపేరు. నెలల తరబడి కుట్టిన ఇల్లాళ్ళ పేర్లు పోయి, గీసినామె పేరు నిలవడం అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ పేరులో ఒక నిజం ఉంది. నక్షత్రపు బొంతలో బుర్రకు పదును పెట్టే పని నక్షత్రం అతకడం కంటే దాని మీది కుట్టుబొమ్మల్ని ఎంచడంలోనే ఎక్కువ. ఆలెన్‌డేల్ జనం ఆ సంగతి గుర్తించారు కాబట్టే దానికి డబ్బిచ్చారు.

నక్షత్రం అతకడం తేలికని చెప్పడం లేదు. ఎనిమిది డైమండు ముక్కల మొనలు ఒకే బిందువు దగ్గర కలవాలి. ఒక్కో మొన 45 డిగ్రీలు, ఎనిమిదీ కలిస్తే 360. కత్తిరింపులో ఒక్కో ముక్కకు ఒక్క డిగ్రీ ఎక్కువైతే మొత్తం ఎనిమిది డిగ్రీల గుడ్డ మిగులుతుంది, నడిమధ్యన బుడిపెలా లేస్తుంది. పైగా డైమండు అంచుల్లో కొన్ని నేత పోగుకు ఏటవాలుగా తెగుతాయి, పట్టుకుంటేనే సాగుతాయి. ఇంత కష్టమున్నా ఈ లెక్కకు జవాబు ఒక్కటే. కుదిరిందా లేదా అన్నది చూడగానే తెలిసిపోతుంది. నక్షత్రాన్ని చదరంలో కూర్చోబెట్టాక మూలల్లో నాలుగు చదరాలు, పక్కల్లో నాలుగు త్రిభుజాలు ఖాళీగా మిగులుతాయి. వాటిలో ఏం పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం ఒక్క జవాబంటూ లేదు. మూల చదరంలో గుండ్రటి రోజా పెడితే, పక్కనున్న త్రిభుజంలో దాని సగమే పట్టాలా, విసనకర్ర లాంటి వేరే బొమ్మ రావాలా? డైమండు పొడవునా ఆకు సాగాలా, మధ్యలో పువ్వు ఆగాలా? ఒకచోట చేసిన ఎంపిక మిగిలిన అన్నిచోట్లా లెక్కకు వస్తుంది.

ఆ తర్వాత పట్టీలు. అక్కడి బొంతల్లో తాడు మెలిక, వంపులు తిరిగే ఈక, వరస పువ్వులు మామూలుగా కనిపించే పట్టీ బొమ్మలు. లోపలి చట్రం చిన్నది, వెలుపలికి పోయేకొద్దీ పట్టీ పొడవు పెరుగుతుంది. మెలికలో ఒక చుట్టు ఎంత ఉండాలో ఆ పొడవును బట్టి తేల్చాలి. మూలకు వచ్చేసరికి చుట్టు సగంలో తెగితే కంటికి గుచ్చుకుంటుంది. నాలుగు చట్రాలున్న బొంతకు పదహారు మూలలు. మూల దగ్గర మెలిక ఆగకుండా మలుపు తిరగాలంటే ముందు మూలలు గీసి, అక్కడి నుంచి పట్టీ మధ్యకు వస్తూ, హెచ్చుతగ్గుల్ని ఆ మధ్యలో ఎవరికీ తెలియకుండా సర్దాలి. అలా సర్దడం చేతకాకో, అక్కర్లేదనుకునో ఆ ప్రాంతంలో కుట్టేవాళ్ళు చాలామంది ఒక పట్టీని అంచుదాకా నడిపి, రెండోదాన్ని దానికి అడ్డంగా తెచ్చి ఆనించేవారు. మలుపు తిరిగిన పట్టీనీ ఆనించిన పట్టీనీ పక్కపక్కన పెట్టి చూస్తే, గీసే చేతికి ఎందుకు విలువ వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చేతుల్లో తొలుత పేరుకెక్కినవాడు జార్జ్ గార్డినర్. ఆ లోయలోనే ఆలెన్‌హెడ్స్ దగ్గర పల్లెలో దుకాణం నడిపేవాడు. ఆడవాళ్ళ టోపీలకు అలంకారాలు కూర్చడంలోనూ చెయ్యి తిరిగినవాడు. బొంత పైగుడ్డల మీద బొమ్మలు గీసి ఇవ్వడం ఆయన దగ్గర పనిగా ఎదిగింది. ఆయన దగ్గర నేర్చుకున్న ఎలిజబెత్ శాండర్సన్ 1861లో పుట్టింది. ఆమె ఆ పనిని ఇంకా విస్తరించి, తన దగ్గరికి వచ్చిన ఆడపిల్లలకు నేర్పింది. వీళ్ళను జనం స్టాంపర్లు అనేవారు. పేరులో ముద్ర ఉన్నా పనిలో అచ్చు లేదు. పైగుడ్డ పరిచి, కొన్ని ఆకారాలకు అట్టముక్కల సాయం తీసుకుంటూ, మిగిలినది ఒట్టి చేత్తో నీలం పెన్సిలుతో గీసేవారు. ఆ గుడ్డ ఇంటికి చేరాక కింద ఒక గుడ్డ, నడుమ దూది పెట్టి, కర్ర చట్రానికి బిగించి, నీలి గీత వెంట సూది నడిపేవారు. ఆలెన్‌డేల్ సీసపు గనుల లోయ. 19వ శతాబ్దం చివరికి ఆ గనులు చితికిపోయాయి. గనుల కూలి తగ్గిన చోట ఇంటిపట్టున సాగే ఇలాంటి పని ఎంత ఆసరాగా ఉండేదో ఊహించవచ్చు.

కుట్టుబొమ్మే ప్రధానమనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆ బొంత గుడ్డే. శాండర్సన్ స్టార్‌లో సాధారణంగా రెండే రంగులు ఉంటాయి, ఎరుపూ తెలుపూ లేదా గులాబీ తెలుపూ. రెండూ పువ్వులు అచ్చు వేయని సాదా గుడ్డలే. నక్షత్రం పెద్దది, పట్టీలు వెడల్పు. సాదా గుడ్డ మీద వెలుతురు వాలుగా పడితే కుట్టు పల్లంలా, దూది మెరకలా తేలి, ఈక ఈకగా, రోజా రోజాగా కనిపిస్తుంది. పువ్వుల గుడ్డ మీద అదే కుట్టు మాయమైపోతుంది. అమెరికాలో ఇదే ఎనిమిది కోణాల నక్షత్రం వేరే దారి పట్టింది. అక్కడ లోన్ స్టార్ అనీ, స్టార్ ఆఫ్ బెత్లెహేమ్ అనీ పిలిచే బొంతల్లో ఒక్కో కోణాన్ని పదుల కొద్దీ చిన్న డైమండు ముక్కలతో రంగు వెంట రంగుగా కట్టారు. ఆ రంగుల మధ్య కుట్టుబొమ్మకు చోటు లేదు. కుట్టు అతుకుల వెంట నడిచి ఊరుకుంటుంది. ఈకల దండలన్నీ మూల చదరాలకూ త్రిభుజాలకూ చేరాయి. 19వ శతాబ్దం తొలినాళ్ళలో కొందరు ఆ మూలల్లో చింట్జ్ గుడ్డలోని పూలగుత్తుల్ని కత్తిరించి అతికారు. ఆ చింట్జ్‌కు మూలం కోరమాండల్ తీరపు చీటీ గుడ్డ. మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన ఆ గుడ్డ ఇంగ్లండు నేతగాళ్ళకు పోటీ అయిందని 1700లో, మళ్ళీ 1721లో అక్కడ చట్టాలు చేసి అడ్డుకున్నారు. ఈలోగా వాళ్ళే దాన్ని అనుకరించడం నేర్చుకున్నారు. సంగతేమంటే, రంగుల నక్షత్రం తనను తాను చూపించుకుంటుంది. ఆలెన్‌డేల్ నక్షత్రం మాత్రం కుట్టును చూపించడానికి తన రంగులు తగ్గించుకుంది.

కుట్టు పని పొరల్ని పట్టి ఉంచడమే కదా, దూది జారకుండా గళ్ళు గళ్ళుగా కుడితే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. చాలుతుంది. బొమ్మల మధ్య ఖాళీల్ని ఆ బొంతల్లో కూడా డైమండు గళ్ళతోనే నింపేవారు. దూదిని పట్టే బరువు చాలావరకు ఆ గళ్ళదే. అవసరానికి గళ్ళు సరిపోతాయని తెలిసి కూడా మిగతాచోట ఈకలూ రోజాలూ గీయించుకున్నారంటే, అవి అవసరం నుంచి వచ్చినవి కావు, కోరి తెచ్చుకున్నవి. బొంతను వెనక్కి తిప్పి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. వెనుక గుడ్డ ఏకరంగుది, అతుకుల నక్షత్రం అక్కడ లేదు. అయినా డైమండ్లలోని ఆకులు, మూలల్లోని పువ్వులు, చుట్టూ మెలికలు కలిసి నక్షత్రాన్నీ చట్రాల్నీ మళ్ళీ కట్టి చూపిస్తాయి. ముందువైపు రంగు చేసిన పనిని వెనుకవైపు కుట్టు ఒక్కటే చేస్తుంది.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. గీత డబ్బిచ్చి తెచ్చుకున్నదైతే, కుట్టినామె సొంతం ఏముంది? తరతరాలుగా ఇంట్లోనే అట్టముక్కలు కత్తిరించుకుని, సూదిమొనతో గుడ్డ మీద గీసుకున్న స్త్రీల కళను ఈ స్టాంపర్లు అంగడి సరుకు చేయలేదా? ఈ బాధ అర్థమవుతుంది గానీ, దీని వెనుక ఒక వస్తువు మొదటి నుంచి చివరి దాకా ఒకే చేతిలో పుడితేనే కళ అనే నమ్మకం ఉంది. అది మన కలంకారీని కూడా కొట్టిపారేస్తుంది. మచిలీపట్నంలో అచ్చుచెక్క చెక్కేది ఒకరు, అద్దేది మరొకరు. 18వ శతాబ్దపు ఫ్రెంచివారు కోరమాండల్ తీరపు పనిని చూసి రాసిపెట్టిన వివరాల్లో, చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి అద్ది బొమ్మను గుడ్డకు దించడం కనిపిస్తుంది. నేటికీ మగ్గం వర్కు చేసేవాళ్ళు ట్రేసింగ్ పేపర్‌కు చిల్లులు పొడిచి, రంగుపొడి అద్దే గీత దించుకుంటారు. ఆ గీత మీద కుట్టిన చేతి విలువను ఎవరూ తక్కువ చేయరు. పైగా గీసిన బొమ్మ ఒక ఇంటికి చేరి అక్కడే ఆగిపోలేదు. ఆలెన్‌డేల్ గీతల ఒయ్యారపు వంపులు పక్క లోయల్లో, తమ బొమ్మల్ని తామే గీసుకున్న స్త్రీల పనిలోనూ కనిపిస్తాయి. సొంత కళ చచ్చిపోయి ఉంటే అలా అందిపుచ్చుకునేవాళ్ళే ఉండరు.

కుట్టకుండా మిగిలిపోయిన పైగుడ్డలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నక్షత్రం అతికి, నీలి గీతలు పూర్తయి, దూదీ సూదీ కోసం ఎదురుచూస్తూ మడతల్లో ఉండిపోయినవి. కుట్టిన బొంతల్లో కూడా ఉతుకుకు పోని నీలం అక్కడక్కడా దారం పక్కన బయటపడుతుంది. అలాంటి చోట దగ్గరగా చూస్తే, గీత ఒకలా వంపు తిరిగితే దారం దానికి వెంట్రుకవాసి లోపలగా తిరిగి ఉంటుంది.