కాపీ కొట్టకుండా బొమ్మ వస్తుందా?

మనకి "కాపీ కొట్టడం" అంటే పరీక్ష హాల్లో దొంగతనం. కోడ్ విషయంలోనూ అంతే, అందరం చేస్తాం, ఎవరం ఒప్పుకోం :). బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి మాత్రం కాపీయే బడి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం 1793లో తెరిచారు. అప్పట్నుంచీ చిత్రకారులు అక్కడ కూర్చుని పాత పటాలకి నకళ్ళు తీస్తూ నేర్చుకున్నారు. ఇప్పటికీ తియ్యొచ్చు. కాకపోతే నకలు అసలు పటం సైజులో ఉండకూడదు, అదీ రూలు.

ఒక పాత నూనెరంగుల ముఖాన్ని మళ్ళీ వేస్తే ఏమొస్తుంది? నన్నడిగితే, వరస తెలుస్తుంది. ముందు పల్చటి రంగుతో నీడలు, ఆరాక చిక్కగా వెలుతురు, ఆఖర్న కంట్లో మెరుపు చుక్క. నూనె తక్కువున్న పొర కింద, ఎక్కువున్నది పైన పడాలి. తిరగేస్తే కొన్నాళ్ళకి పగుళ్ళొస్తాయి. పూర్తయిన పటంలో ఇదంతా కనపడదు. వేసి చూస్తేనే చేతికి అర్థమవుతుంది.

ఇక మన వైపు చూస్తే నిర్మల్ ఉంది (2016 దాకా ఆదిలాబాద్ జిల్లా). అక్కడి చిత్రకారులు నకాషీలు. నకాషీ, నకలు వినడానికి చుట్టాల్లాగే ఉంటాయి కానీ, మొదటిది రూపు చెక్కడానికీ రెండోది ఎత్తి రాయడానికీ అరబ్బీలో ఉన్న వేర్వేరు మాటల నుంచి వచ్చాయి. నల్లటి నేల మీద బంగారు వన్నెతో అజంతా బొమ్మలూ, మొగల్ బొమ్మలూ వేస్తారు. ఆ చేతి నేర్పుకి దండం పెట్టాలి. అయితే కొనేవాళ్ళు అడిగేది ఆ నకళ్ళనే అయినప్పుడు, ఎదురుగా ఉన్న మనిషి ముఖం వేసే తీరిక వాళ్ళకి ఎవరిస్తారు?

1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు హైదరాబాద్‌లోనూ, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్నారు. బళ్ళో తిరిగిన చేతిని తీసుకొచ్చి సొంతూరి ఆడవాళ్ళ ముందు పెట్టారు. ఆ పెద్ద బొట్టు, ఆ చీర రంగులు చూడగానే ఎవరి బొమ్మో చెప్పేస్తాం. ఇప్పుడు జనం ఆయన బొమ్మలకే నకళ్ళు తీస్తున్నారు!

కాబట్టి పిల్లలు మోనాలిసాని చూసి గీస్తుంటే వెక్కిరించకండి. అదయ్యాక నాయనమ్మని ఎదురుగా కూర్చోబెట్టండి. నిర్మల్ వెళ్తే, అజంతా బొమ్మ బేరమాడే బదులు, మీ ఇంట్లోవాళ్ళ ముఖం వేసిస్తారా అని అడగండి. దానికి తగ్గ డబ్బూ ఇవ్వండి.