రక్తపు ఆటుపోటులు

సముద్రతీరాన నివసించేవారికి ఆటు అనగా ఏమో, పోటు అనగా ఏమో ఒకరు చెప్పవలసిన పని లేదు. పోటు వేళ నీరు గట్టుమీదికి వచ్చును. ఆటు వేళ వెనుకకు పోవును. రెండింటి వేళలు ఎరిగినవాడే పడవను క్షేమంగా ఒడ్డు చేర్చగలడు. మన భాషలో రక్తము ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడిని కూడ పోటు అనియే అన్నాము. ఆ పేరు ఎంత తగినదో డయాలిసిస్ యంత్రముపై ఆధారపడి జీవించేవారికి బాగుగా తెలియును. వారి దేహములో వారమునకు మూడుసార్లు పోటు వచ్చును, మూడుసార్లు ఆటు వచ్చును.

శ్రీకాకుళం జిల్లాలో పలాస నుండి మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం వరకు, తీరమున వజ్రపుకొత్తూరు వైపు వ్యాపించిన నేల ఉద్దానము. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలతో కనులకు పండుగైన ఈ సీమలో గత శతాబ్ది చివరి దశకము నుండి మూత్రపిండముల వ్యాధి గ్రామగ్రామాన కనిపించసాగినది. 2019లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము అక్కడ పరీక్షించిన పెద్దలలో సుమారు 18 శాతము మందికి ఈ వ్యాధి ఉన్నది. వారిలో అధికసంఖ్యాకులకు మధుమేహముగాని, ఇతరచోట్ల కనిపించే కారణములుగాని లేవు. శ్రీలంకలోని ఉత్తర మధ్య మండలములోను, మధ్య అమెరికాలోని చెరకుతోటల కూలీలలోను ఇటువంటి వ్యాధియే ఉన్నది. నీరా, ఎండలో శ్రమయా, పురుగుమందులా అను ప్రశ్నకు తుది సమాధానము ఇంకను రాలేదు.

ఈ వ్యాధిలో ఒక మోసము కలదు. సాధారణముగా మూత్రపిండములు చెడినచో రక్తపోటు ముందుగానే పెరిగి హెచ్చరించును. ఉద్దానపు వ్యాధిలో తొలిదశలో ఆ హెచ్చరిక తరచుగా ఉండదు. రైతు తోటలో పని చేసుకొనుచునే ఉండును. వైద్యుని వద్దకు వచ్చునప్పటికి మూత్రపిండములు చాలవరకు పనిచేయుట మానివేసి ఉండును. కాని ఆ తరువాత, అనగా యంత్రము అవసరమైనప్పటి నుండి, రక్తపోటే అతని దినచర్యకు యజమాని అగును. కావున ఈ ప్రసంగములో మేము ఆ పోటు కథను మొదటి నుండి చెప్పదలచినాము.

రక్తమునకు ఒత్తిడి కలదని కొలిచి చూపిన తొలి వ్యక్తి ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. ఆయన ఒక గుఱ్ఱపు ధమనికి నిలువు గాజుగొట్టమును అమర్చగా రక్తము ఎనిమిది అడుగులకు పైగా ఎగబ్రాకినది. ఆ సంగతిని ఆయన 1733లో ప్రచురించినాడు. మనుష్యునికి హాని లేకుండ సులువుగా కొలిచే పరికరమునకై చాలకాలము వేచియుండవలసి వచ్చినది. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి చేతికి చుట్టే గాలిపట్టీని రూపొందించినాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు ఉంచి, ధమనిలో వినిపించే చప్పుళ్ళను బట్టి పై అంకెను, క్రింది అంకెను నిర్ణయించినాడు. నేడు పలాస ఆసుపత్రిలో నర్సు చేతికి చుట్టే పట్టీ ఆ పరంపరలోనిదే.

రక్తశుద్ధి కథ వేరుగా నడిచినది. 1861లో స్కాట్లండుకు చెందిన రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం పలుచని పొర గుండా కొన్ని పదార్థములు దాటిపోవుటను, కొన్ని నిలిచిపోవుటను పరిశీలించి ఆ క్రియకు డయాలిసిస్ అని పేరు పెట్టినాడు. 1924లో జర్మనీలోని గీసెన్ నగరములో గియోర్గ్ హాస్ దానిని తొలిసారి ఒక రోగిపై ప్రయోగించినాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలండులో విలెం కోల్ఫ్ సాసేజిల తయారీకి వాడే సెల్లోఫేను గొట్టమును తిరిగే పీపాకు చుట్టి కృత్రిమ మూత్రపిండమును నిర్మించినాడు. 1945లో ఒక వృద్ధురాలు ఆ యంత్రము వలన బ్రదికి బయటపడినది. అయితే రక్తములోని మలినములను తీయుట వేరు, దేహములో నిలిచిన నీటిని తీయుట వేరు. ఈ రెండవ పనిని స్వీడనులోని లుండ్ నగరమున నీల్స్ ఆల్వాల్ 1940 దశకము చివర సాధించినాడు. పొరను గట్టి గూటిలో బిగించి, ఒత్తిడి కలిగించి, నీటిని రాబట్టు యంత్రము అతనిది.

1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్ నగరములో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి ముంజేతిలో టెఫ్లాన్ గొట్టమును అమర్చి, మాటిమాటికి డయాలిసిస్ చేయుటకు మార్గము తెరిచినాడు. ఆయన తొలి రోగికి రక్తపోటు ప్రాణాపాయకరముగా ఉండెను. ఉప్పు తగ్గించి, యంత్రముతో నీరు తీసివేయగా ఆ పోటు అదుపులోనికి వచ్చినది. ఆ రోగి పదేండ్లకు పైగా జీవించినాడు. దేహములో మిగులునీరు లేనప్పటి తూకమును పొడి తూకము అని ఆ దశకములోనే పిలువసాగినారు. నేటికిని డయాలిసిస్ గదిలో వైద్యునికి ముఖ్యమైన అంకె అదియే.

ఇక ఆటుపోటుల సంగతి. మూత్రము రానివాడు త్రాగిన నీరు, తిన్న ఉప్పు తరువాతి డయాలిసిస్ వరకు దేహములోనే నిలుచును. తూకము పెరుగును, పోటు హెచ్చును, కాళ్ళు వాచును, పడుకొన్నచో ఊపిరి ఆడదు. ఇది పోటు. తరువాత నాలుగు గంటలలో యంత్రము ఆ నీటిని రక్తములో నుండి లాగివేయును. కండరములలో, చర్మము క్రింద నిలిచిన నీరు రక్తములోనికి తిరిగి వచ్చుటకు కొంత వ్యవధి కావలెను. లాగే వేగము తిరిగి నిండే వేగమును మించినచో పోటు ఒక్కసారి పడిపోవును. ఆవులింతలు, వాంతి, పిక్కల బిగింత, కళ్ళు తిరుగుట కలుగును. ఇది ఆటు. గంటకు కిలో తూకమునకు 13 మిల్లీలీటర్లు మించి నీరు తీయుట గుండెకు మంచిది కాదని 2011లో ఒక పరిశీలన సూచించినది. ఏబది కిలోల మనిషికి ఆ లెక్కన నాలుగు గంటలలో 2.6 లీటర్లు మాత్రమే. నాలుగు లీటర్లతో వచ్చినవానికి ఆ గదిలో ఎంతటి ప్రయాస కలుగునో ఊహించవచ్చును. కొందరికి ఇందుకు విరుద్ధముగా యంత్రముపై ఉండగానే పోటు పెరుగును. అట్టివారి పొడి తూకమును వైద్యులు మరల పరిశీలింతురు.

ఈ చిక్కుకు మూలము నీరుకాదు, ఉప్పు. సుమారు తొమ్మిది గ్రాముల ఉప్పు ఒక లీటరు నీటిని దేహములో పట్టి ఉంచును. దాహమును పుట్టించునదియు అదియే. ఉప్పు మానకుండ నీరు మానుమనుట కష్టమైన ఉపదేశము. 1940 దశకములో అమెరికాలో వాల్టర్ కెంప్నర్ ఉప్పులేని అన్నము, పండ్లతో కొందరి తీవ్రమైన రక్తపోటును దించినాడు. పండ్ల సంగతి మూత్రపిండములు చెడినవారికి వర్తించదు గాని, అన్నమునకు ఉప్పు తప్పనిసరి కాదన్న సత్యము మన గంజికి, అంబలికి కూడ వర్తించును. ఎండుచేప, ఆవకాయ, అప్పడము పళ్ళెములో నుండి తొలగినచో దాహము తానే తగ్గును. ఉద్దానమునకు మరొక విచిత్రమైన కష్టము కలదు: ఇంటిముందే చెట్టునిండ బోండాలున్నను, పొటాషియము అధికమైనందున ఆ నీరు ఈ రోగికి చాల ప్రమాదకరము.

మరికొన్ని సంగతులు ఇంటివారు గుర్తుంచుకొనదగినవి. యంత్రముపై ఉండగా కడుపునిండ భుజించినచో రక్తము ఉదరమునకు మరలి పోటు పడిపోవును. పోటు తగ్గించు మాత్రలను డయాలిసిస్ నాడు ఏ వేళ వేయవలెనో వైద్యుడే చెప్పవలెను. తమంతట తాము మానుట గాని వేయుట గాని తగదు. ఫిస్టులా ఉన్న చేతికి పట్టీ కట్టనీయరాదు. పని ముగిసిన వెంటనే లేవక, కొంతసేపు కూర్చుండి, మరల పోటు చూపించుకొని బయలుదేరవలెను. మంచముపై కళ్ళు తిరుగుచున్నచో ఓర్చుకొనక వెంటనే నర్సుకు చెప్పవలెను. కాళ్ళు ఎత్తి, నీరు తీయుట ఆపి, అవసరమైనచో సెలైను ఎక్కింతురు.

ఈ చివరి మాటలకు ఉద్దానములో ప్రత్యేకమైన బరువున్నది. ఒకప్పుడు ఇక్కడి రోగులు రక్తశుద్ధికై విశాఖపట్నము వరకు పోవలసివచ్చెడిది. పోటు పడిపోయిన దేహముతో అంత దూరము తిరుగు ప్రయాణము! తోడు వచ్చినవారి కూలి కూడ ఆ దినమున పోవును. సోంపేట, పలాస, కవిటి, టెక్కలి ప్రాంతములలో డయాలిసిస్ కేంద్రములు ఏర్పడుటతో ఆ దూరము తగ్గినది. 2019లో ప్రభుత్వము డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిర్ణయించినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రము ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి వంశధార నీటిని ఉద్దానము గ్రామములకు తెచ్చు పథకము కూడ ఆనాడే ప్రారంభమైనది.

వ్యాధికి కారణము ఏమన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పవలసియున్నది. కాని ఈ ఆటుపోటులకు కారణము మనకు తెలియును. దానిని అదుపుచేయు సాధనములలో సగము ఆసుపత్రిలోను, సగము వంటింటిలోను ఉన్నవి. ఇంటిలో ఒక త్రాసు, ఒక పోటుయంత్రము, రెండు అంకెలు వ్రాసుకొనుటకు ఒక పుస్తకము ఉన్నచో, రేపు డయాలిసిస్ మంచముపై ఏమి జరుగునో ఈ రాత్రియే కొంత తెలియును. ఉప్పుడబ్బా ఉన్న చోటనే ఆ పుస్తకమును ఉంచుట మంచిది.