డైనమో పోయింది, ఆల్టర్నేటర్ వచ్చింది, వైరు మాత్రం కాలిపోయింది

ఈ ఎపిసోడ్ ఒక కాలిన వైరుతో మొదలుపెడదాం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా చూడండి. జానెడు ముక్క. పైన తొడుగు కరిగి గడ్డకట్టేసింది, లోపల రాగి నల్లబడింది. ఇది మా తాతయ్య అంబాసిడర్‌లోది. ఆ రోజు ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమై ఉంటే బండి మొత్తం తగలబడేది. బండిలో తాతయ్య ఉన్నాడు.

తప్పు ఎవరిదో చివర్లో చెప్తా. దానికి ముందు కొంచెం చరిత్ర తెలియాలి. ఎందుకంటే ఈ వైరు కాలడానికి అసలు కారణం 1960ల్లో ఉంది.

మా తాతయ్య విజయవాడలో టాక్సీ నడిపేవాడు. బండి 1972 అంబాసిడర్, మార్క్ 2. చిన్నప్పుడు ఆ బండిలో నాకు బాగా గుర్తున్నది ఒకటే. రాత్రిపూట సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు దీపాల్లా అయిపోయేవి. డాష్‌బోర్డులో ఎర్ర బల్బు వెలిగేది. తాతయ్య వెంటనే లైట్లు ఆపేసి, బండి కదిలాక మళ్లీ వేసేవాడు. పిసినారితనం అనుకునేవాణ్ణి. కాదండీ, అది డైనమో బండి నడిపే పద్ధతి.

సరే, డైనమో అంటే ఏంటి? మీలో చాలామంది సైకిల్ డైనమో కూడా చూసి ఉండరు. కారు ఇంజిన్ తిరుగుతుంటే ఫ్యాన్ బెల్టు దీన్ని తిప్పుతుంది, ఇది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. కార్లలో దీని అవసరం గట్టిగా వచ్చింది 1912లో. ఆ ఏడాది కాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టారు. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన పని అది. అప్పటిదాకా ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. సెల్ఫ్ వచ్చిందంటే పెద్ద బ్యాటరీ కావాలి, బ్యాటరీ ఉందంటే దాన్ని నింపేది ఒకటి ఉండాలి కదా. అలా డైనమో కారులో స్థిరపడింది. సుమారు యాభై ఏళ్లు దానిదే రాజ్యం.

డైనమోతో చిక్కు ఎక్కడుందంటే, కరెంటు పుట్టేది తిరిగే భాగంలో, అంటే ఆర్మేచర్‌లో. ఆ కరెంటు మొత్తం కార్బన్ బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. కార్బన్లు అరిగిపోతాయి, నిప్పురవ్వలు వస్తాయి. మరీ వేగంగా తిప్పితే ఆర్మేచర్ వైండింగే ఊడి బయటికి వస్తుంది. అందుకని పెద్ద పుల్లీ పెట్టి నెమ్మదిగా తిప్పుతారు. నెమ్మదిగా తిప్పితే ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు కరెంటే రాదు. తాతయ్య సిగ్నల్ దగ్గర లైట్లు ఆపడం ఇందుకే.

ఆల్టర్నేటర్‌లో ఇదంతా తిరగేశారు. కరెంటు పుట్టే వైండింగ్ కదలకుండా బయట ఉంటుంది, లోపల అయస్కాంతంలా పనిచేసే భాగం తిరుగుతుంది. బ్రష్‌ల గుండా వెళ్లేది రెండు మూడు ఆంపియర్లే. కాబట్టి చిన్న పుల్లీ పెట్టి డైనమో కంటే చాలా వేగంగా తిప్పొచ్చు, ఐడిల్‌లో కూడా చార్జింగ్ వస్తుంది.

మరి ఇంత మంచిదైతే మొదటినుంచీ ఎందుకు పెట్టలేదు? ఆల్టర్నేటర్ ఇచ్చేది ఏసీ, బ్యాటరీకి కావాల్సింది డీసీ. మధ్యలో మార్చేది ఉండాలి. డైనమోలో ఆ పని దాని కమ్యుటేటరే చేసేస్తుంది. ఆల్టర్నేటర్‌కి విడిగా రెక్టిఫయర్ కావాలి. 1946లో అమెరికాలో లీస్-నెవిల్ కంపెనీ పెద్ద వాహనాల కోసం ఆల్టర్నేటర్లు తెచ్చింది. అప్పటి రెక్టిఫయర్లు సెలీనియంవి, సైజు పెద్దది. బస్సులకీ, వైర్‌లెస్ సెట్లున్న పోలీసు కార్లకీ సరిపోయాయి గానీ మామూలు కారుకి కుదరలేదు.

తలుపు తెరిచింది సిలికాన్ డయోడ్. 1950ల్లో ట్రాన్సిస్టర్లతో పాటు ఎదిగిన టెక్నాలజీ అది. ఇవాళ మీ చేతిలో ఉన్న ఫోన్‌కీ, కారు ఆల్టర్నేటర్‌కీ అదే మూలం. గోరంత డయోడ్లు ఆరు పెడితే చాలు, ఏసీ కాస్తా డీసీ అయిపోతుంది. 1960 మోడల్ వాలియంట్ కారుకి క్రైస్లర్ ఆల్టర్నేటర్ పెట్టింది. నాలుగైదేళ్లలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ కూడా అదే దారి పట్టాయి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. అంబాసిడర్ అంటే బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలైంది. దాంతోపాటే లూకాస్ కంపెనీ పద్ధతి ఎలక్ట్రికల్ సామానూ వచ్చింది. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ పెట్టారు కాబట్టి తయారీ ఇక్కడే అయ్యేది. కానీ లైసెన్సుల కాలం అది. కారు కోసం జనం ఏళ్ల తరబడి క్యూలో ఉండేవాళ్లు. ఎలా ఇచ్చినా కొనేవాళ్లున్నప్పుడు మార్చాల్సిన తొందర ఎవరికుంటుంది? బయట ప్రపంచం ఆల్టర్నేటర్‌కి మారిపోయినా మన రోడ్ల మీద డైనమో చాలాకాలం నడిచింది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. అందులో ఆల్టర్నేటర్ ఉంది, సిగ్నల్ దగ్గర లైట్లు తగ్గవు. పాత బండ్ల వాళ్లకి తేడా కళ్లముందే కనిపించింది.

అప్పటినుంచి ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర కొత్త పని మొదలైంది. డైనమో తీసెయ్, ఆల్టర్నేటర్ బిగించు. కానీ డైనమోతో పెరిగిన చేతులకి కొన్ని అలవాట్లు ఉన్నాయి. ఉదాహరణకి, చార్జింగ్ వస్తోందా లేదా చూడటానికి ఇంజిన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేవాళ్లు. బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు లెక్క. ఆల్టర్నేటర్ మీద అదే పరీక్ష చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు పోతాయి. ఇంకోటి, పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే క్షణంలో డయోడ్లు ఖతం. నిన్నటిదాకా పనితనం అనుకున్నది ఒక్కసారిగా తప్పైపోయింది. దాన్ని మళ్లీ నేర్చుకున్న పాత మెకానిక్కులంటే నాకు చాలా గౌరవం.

ఇక నా సంగతి. తాతయ్య బండి షెడ్డులో పడి ఉంది. బాగుచేసి ఆయన్ని తిప్పాలని నా కోరిక. హాలోజన్ బల్బులు వేయించా, మ్యూజిక్ సిస్టమ్ పెట్టించా. ఆ కాలపు డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, వైపరు, ఇగ్నిషను, పాటలు అన్నీ కలిస్తే దానికి తలకు మించిన భారం. అందుకని ఒక షాపులో 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించా. "వైరింగ్ కూడా మారుద్దామా?" అని అడిగారు. "బాగానే ఉందిగా, వదిలేయండి" అన్నది నేనే. డబ్బులు మిగులుతాయని.

నెల తర్వాత బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పక్క బండి నుంచి కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేశాం. తాతయ్య ఎక్కి కూర్చున్నాడు. ఖాళీ బ్యాటరీ కరెంటుని నీళ్లలా తాగుతోంది, ఆల్టర్నేటర్ ఉన్న శక్తంతా ఇస్తోంది. అదంతా వెళ్లేది ఎక్కణ్ణుంచి? 22 ఆంపియర్ల కాలం నాటి వైరు గుండా, అక్కణ్ణుంచి డాష్‌బోర్డు కింద ఎప్పుడో ఎవరో బిగించిన ఆమ్మీటర్ గుండా. కరెంటు రెండింతలైతే వైరులో వేడి నాలుగింతలు అవుతుంది. స్కూల్లో చదివిన లెక్కే. పొగ వచ్చింది. తాతయ్యే తలుపు తీసి, కిందికి దిగి, బానెట్ ఎత్తి, టవల్ చేతికి చుట్టుకుని టెర్మినల్ లాగేశాడు. ఆయన వయసు 78. నేను ఫోన్ పట్టుకుని నిలబడిపోయా.

తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. తాతయ్యకి పాత స్నేహితుడు, నేను బాబాయ్ అంటా. వైరు చూసి ఒకటే అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, మోటారు మార్చి పాత పైపు ఉంచితే పైపు పగలదా?"

డైనమో బలహీనమైనది కాబట్టి ఆ వైరు ఇన్నాళ్లు బతికింది. ఈ మాట నాకు అప్పుడే అర్థమైంది.

బాబాయ్ ఏం చేశాడంటే, ముందు బ్యాటరీ టెర్మినల్ తీసి పక్కన పెట్టాడు. ఎర్త్ నెగటివేనా అని చూసుకున్నాడు. పాత కటౌట్ బాక్సుని లైన్లోంచి తప్పించాడు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి నేరుగా 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశాడు, బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య కొత్త ఎర్త్ పట్టీ వేశాడు, ఎందుకంటే వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా. ఆమ్మీటర్ పీకేసి వోల్ట్‌మీటర్ పెట్టాడు. ఆమ్మీటర్ అయితే కరెంటంతా దాని గుండానే పోవాలి, వోల్ట్‌మీటర్‌కి ఆ గొడవ లేదు. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టాడు. ఎర్ర బల్బు మాత్రం ఉంచాడు. చాలా ఆల్టర్నేటర్లకి మొదటి చిన్న కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది, అది మాడిపోతే చార్జింగే మొదలవ్వకపోవచ్చు. చివరికి స్టార్ట్ చేస్తే ముల్లు 14 దగ్గర నిలబడింది.

ఆ రాత్రి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగాం. తాతయ్య చెయ్యి అలవాటుగా లైట్ల స్విచ్ మీదికి వెళ్లింది. "వద్దు తాతయ్యా, ఉంచు" అన్నా. ఉంచాడు. లైట్లు తగ్గలేదు. ఆయన కాసేపు ముందున్న రోడ్డు వెలుగుని చూసి, "ముప్పై ఏళ్లు ఆపుతూనే ఉన్నానురా" అన్నాడు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, అందులో కొత్త సామాను వేసేముందు వైరు ఎంత లావుందో చూడండి. తాతయ్యలుంటే ఆ బండి ఎలా నడిపేవాళ్లో కూడా అడగండి. ఈ ముక్కని నేను టేబుల్ మీదే ఉంచుకుంటా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.